ఇంటికి తాళం ఉందన్నాడు

గుర్వయ్య ఆ దవాఖానలో చేరేనాటికి నలభై దాటాడు. అంతకుముందు నార్కట్‌పల్లి దగ్గరి పల్లెలో ముప్ఫై గొర్రెలను మేపుకుంటూ బతికాడు. వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేసి, మంద సగానికి సగం పోయాక, మిగిలినవాటిని తమ్ముడికి అప్పజెప్పి నల్లగొండకు వచ్చాడు. ఊరి బయట గుట్ట పక్కన ఉన్న సర్కారు మానసిక దవాఖానలో కాంట్రాక్టు మీద వార్డు బాయ్‌గా కుదిరాడు. నెత్తిమీద వెంట్రుకలు సగం తెల్లబడిన మనిషిని బాయ్ అని పిలుస్తుంటే మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

అతన్ని వేసింది తాళం వార్డులో. కోర్టు పంపినవాళ్లనీ, బయట ఉంటే ఎవరికైనా ప్రమాదమనుకున్నవాళ్లనీ అక్కడ ఉంచేవారు. బయటి నుంచి లోపలికి మూడు తలుపులు. ఒకటి మూసి తాళం వేశాకే రెండోది తెరవాలి. లోపలివాళ్ల పైజామాలకు నాడాలుండవు, రబ్బరు పట్టీలుంటాయి. స్టీలు గ్లాసు కూడా లోపలికి పోకూడదు. రోగులను ఎక్స్‌రేకి, రక్తపరీక్షకి తోల్కపోవడం, నడవలేనివాళ్లని స్ట్రెచర్ మీద తోయడం, అన్నం బకెట్లు మోయడం, తడిసిన దుప్పట్లు మూటగట్టి ఉతికే చోటికి చేర్చడం గుర్వయ్య పని. ఏ గొర్రెకు సుస్తీ చేసిందో నడకను బట్టి పోల్చుకునే మనిషి కాబట్టి, ఎవరికి ఆరోజు లోపల బాగాలేదో కూడా నడకను బట్టే పోల్చుకునేవాడు. అట్లాంటివాళ్ల దగ్గరికి మెల్లగా, పక్కనుంచి వెళ్లేవాడు. మిగతా వార్డు బాయ్‌లు ఒక్కోసారి రోగుల మీద చెయ్యి చేసుకునేవారు. గుర్వయ్య చెయ్యి ఎత్తడని మాత్రం ఆ వార్డంతా తెలుసు. ఆ పేరంటే అతనికి కొంచెం గర్వం కూడా.

కాటమయ్య ఆ వార్డుకు వచ్చింది తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. హుజూర్‌నగర్ దగ్గరి ఒక పల్లెలో తాళ్లు, అంటే తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. సొంత అన్న యాదయ్యే చెట్టుకు కట్టిన తన కల్లు లొట్లలో విషపు మందు కలుపుతున్నాడని మనసులో పడింది. ఆరు నెలలపాటు ఆ మాట లోపల తిరిగి తిరిగి, ఒక పొద్దున వాకిట్లో గీతకత్తితో అన్న చేతిమీద కొట్టాడు. యాదయ్యకు రెండు వేళ్లు పోయాయి. ఆరేళ్ల కూతురు రమ అక్కడే ఉండి అంతా చూసింది. మతి సరిగా లేని స్థితిలో చేశాడని కోర్టు తేల్చి, నయమయ్యేదాకా దవాఖానలో ఉంచమంది.

మొదటి ఆరు నెలలు గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు. తర్వాత మందులు పట్టాయి. ఏడాదిన్నర గడిచేసరికి అతను వేరే మనిషి. పొద్దున్నే లేచి తన దుప్పటి తనే మడిచేవాడు, బకెట్లకు చెయ్యి వేసేవాడు. మగచెట్టు పోతుతాడు కల్లుకూ, కాయ కాసే పండుతాడు కల్లుకూ తేడా ఏమిటో గుర్వయ్యకు వివరంగా చెప్పేవాడు. అన్న వేళ్ల సంగతి గుర్తొచ్చిన రోజు మాత్రం అన్నం ముట్టేవాడు కాదు.

అప్పుడు ఆ వార్డు చూసే డాక్టరు స్నిగ్ధ. చిన్న వయసు, అదే మొదటి ఉద్యోగం. కాటమయ్యకు నయమైందనీ, ఇంటివాళ్లు తీసుకుపోతామని సంతకం పెడితే డాక్టర్ల బోర్డు ముందు పెట్టి పంపించేయొచ్చనీ ఆమె అన్నది. ఇంటికి రెండు ఉత్తరాలు రాస్తే రెండూ తిరిగొచ్చాయి. వెళ్లి కనుక్కు రావడానికి ఉండాల్సిన మనిషి పోస్టు మూడేళ్లుగా ఖాళీ. గుర్వయ్య చెల్లెలు మల్లీశ్వరిని హుజూర్‌నగర్‌లోనే ఇచ్చారని ఎట్లా తెలిసిందో ఏమో, ఈసారి చెల్లెలింటికి పోయినప్పుడు ఒక్కసారి ఆ ఊరికి వెళ్లి అడిగి రమ్మని గుర్వయ్యను బతిమాలింది. డాక్టరమ్మ తనను ఒక మనిషిగా లెక్కచేసి పని చెప్పిందని గుర్వయ్య సంతోషంగా ఒప్పుకున్నాడు.

అది రెండువేల పదిహేడు ఎండాకాలం. కాటమయ్యది రెండు గదుల ఇల్లు, ముందు వాకిలి. వాకిట్లో వేపచెట్టు నీడన ఒక ముసలమ్మ చింతపండు కొడుతున్నది. కాటమయ్య తల్లి సుక్కమ్మ. చెవులు సరిగా వినపడవు. ఎవరు, ఏం పని అని ఆమె అడిగేలోపే లోపలినుంచి కాటమయ్య భార్య భాగ్యలక్ష్మి వచ్చింది. దవాఖాన పేరు వినగానే ఆమె మొహం మారిపోయింది. రేషన్ కార్డు మనిషని అత్తకు గట్టిగా చెప్పి, గుర్వయ్యను ఇంటి వెనకకు తీసుకుపోయింది.

కాటమయ్యకు నయమైందని గుర్వయ్య చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. ఉత్తరాలు తనే పోస్టుమ్యాన్‌కు చెప్పి తిప్పి పంపానన్నది. రమ ఆ పొద్దు నుంచి ఇప్పటిదాకా నోరు విప్పలేదట. ఎవరైనా మగవాళ్లు వాకిట్లోకి వస్తే మంచం కింద దూరేదట. ఇప్పుడిప్పుడే బడికి పోతున్నదట.

"నేను ఒద్దంటలేనన్నా. ఆయన నా మొగడే," అన్నది. "ఒక్క యేడాది ఆగుమను. పిల్ల జర గట్టిపడనీ. అప్పుడు నేనే వచ్చి తోల్కపోత. గిప్పుడు మాత్రం ఇల్లు దొరకలేదని చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయింది. గుర్వయ్య వెనక్కి జరిగి సరేనని, తన ఫోన్ నంబరు రాసిచ్చాడు. తిరిగి వస్తుంటే వాకిట్లో సుక్కమ్మ అతనివైపు చూసి, ఎండలో పడి వచ్చినవు, మంచినీళ్లు తాగి పో బిడ్డా అన్నది. అతను తాగకుండానే వచ్చేశాడు.

డాక్టరమ్మకు ఏం చెప్పాలో బస్సులోనే అనుకున్నాడు. "ఇంటికి తాళం ఉందమ్మా," అన్నాడు. "బొంబాయి పోయిన్రట పనికి. ఎప్పుడొస్తరో పక్కోళ్లకు గూడ తెల్వదు." ఆమె నిట్టూర్చి, ఆ మాటే కంప్యూటర్లో కొట్టి, కాగితం తీసి సంతకం పెట్టమంది. గుర్వయ్య ఏడో తరగతి చదివాడు. తన నోటిమాట కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. పెన్ను పట్టుకున్నాక ఒక్క క్షణం ఆగాడు. పసిపిల్ల కోసమే కదా అనుకుని పెట్టేశాడు.

ఆ సాయంత్రం కాటమయ్య అన్నం బకెట్ పక్కన నిలబడి, మా ఊరివైపు పోయినవట కదా అని అడిగాడు. గుర్వయ్య అదే మాట చెప్పాడు. కాటమయ్య గరిటెవైపు చూస్తూ అన్నాడు.

"అమ్మను గూడ తోల్కపోయిన్రా? ఆమె బస్సెక్కితే వాంతులు చేసుకుంటది."

గుర్వయ్య గరిటె తీసుకుని, పక్క మంచం మనిషికి అన్నం వడ్డించడానికి వెళ్లిపోయాడు.

ఏడాది ఎంతలో గడుస్తుంది. స్నిగ్ధ డాక్టరమ్మ బదిలీ మీద హైదరాబాద్ వెళ్లింది. ఆమె స్థానంలో వచ్చినవాళ్లు ఫైలు తెరిచి, కుటుంబం ఆచూకీ లేదు అన్న వాక్యం చదివి, మూసి పక్కన పెట్టేవారు. ఆరునెలలకోసారి బోర్డు కూర్చున్నప్పుడల్లా ఆ వాక్యం కింద ఇంకో సంతకం పడేది. ఎండాకాలం రాగానే మళ్లీ ఆ ఊరికి వెళ్లి రావాలని గుర్వయ్య అనుకున్నాడు. ఎండాకాలం పోయింది. వానలకు వెళ్దామనుకున్నాడు.

ఆ వానాకాలంలోనే భాగ్యలక్ష్మి వచ్చింది. దవాఖాన ఎదుటి బస్టాపులో నిలబడి ఫోన్ చేసింది. గుర్వయ్య చెయ్యి తుడుచుకుంటూ బయటికొస్తే, చేతిలో సంచితో, ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉన్నది. రమ మాట్లాడుతున్నదని చెప్పింది. నాయిన ఎప్పుడొస్తడని తనే అడిగిందట. అత్త రోజూ కొడుకును తలుచుకుంటున్నదట. యాదయ్య బావ కూడా, వాడు సోయిలో ఉండి చేసింది కాదు, తీసుకురమ్మన్నాడట. ఎక్కడ సంతకం పెట్టాలో చూపిస్తే పెడతానన్నది.

గుర్వయ్యకు తను పెట్టిన సంతకం గుర్తొచ్చింది. ఆ నెలలోనే కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు, లోపలికి తంబాకు చేరవేశారని ఇద్దరు కాంట్రాక్టు మనుషులను నిలబెట్టి తీసేశాడు. ఈమె లోపలికి వెళితే మొదట తెరిచేది ఫైలు. ఫైల్లో ఉన్నది తన మాట, కింద ఉన్నది తన సంతకం. బొంబాయి పోయిన మనిషి హుజూర్‌నగర్ నుంచి ఎట్లా వచ్చిందని అడుగుతారు. కొడుకు నాగేందర్ ఇంటర్ చదువుతున్నాడు. ఊర్లో తనదంటూ మంద కూడా లేదు.

ఇదంతా అతను ఆలోచించి చేశాడని చెప్పలేం. ఆలోచించేంత సేపు కూడా పట్టలేదు.

"గిప్పుడు పంపరు చెల్లె," అన్నాడు. "నడుమ మళ్ల జర తిరగబెట్టింది. కొత్త డాక్టర్ ఒప్పుకుంటలేడు. నేనే ఫోన్ చేస్త, నువ్వేం ఫికర్ పడకు."

ఆమె గేటు వైపు చూసింది. ఒక్కసారి కంటితో చూసిపోతానన్నది. తాళం వార్డులో ఆడవాళ్లను రానివ్వరని చెప్పాడు. అదీ అబద్ధమే. ఆమె సంచి అతని చేతికిచ్చింది. అందులో నీలం గీతల కొత్త అంగీ, కొన్ని సకినాలు ఉన్నాయి. హుజూర్‌నగర్ బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది.

సకినాలు ఏం చేశాడో గుర్వయ్యకు తర్వాత గుర్తు లేదు. అంగీని మాత్రం పారేయలేకపోయాడు. ఎవరో దాతలు పంచిన బట్టల్లో వచ్చిందని చెప్పి కాటమయ్యకిచ్చాడు. కొలత తీసి కుట్టించినట్లు సరిపోయిందని కాటమయ్య సంబరపడ్డాడు. భార్య కొన్న అంగీ వేసుకుని, ఆమె ఎక్కడో బొంబాయిలో ఉందనుకుంటూ ఆ మనిషి వార్డంతా తిరుగుతుంటే, గుర్వయ్య ఎక్స్‌రే గది డ్యూటీ కావాలని అడిగి మార్పించుకున్నాడు. నెల తిరిగేసరికి మళ్లీ తాళం వార్డుకే వేశారు.

అప్పటినుంచి అతను కాటమయ్య పట్ల అతి ప్రేమగా ఉండడం మొదలుపెట్టాడు. అందరికన్నా ముందు వేడి నీళ్లు అతనికే. గట్టి పెరుగు అతనికే. కాటమయ్య దాన్ని స్నేహమనుకున్నాడు. ఒకసారి పండ్లు తోముకుంటూ, ఈ జన్మలో నువ్వే నాకు మిగిలినవన్నా అన్నాడు. ఆ మాట విన్న రోజు గుర్వయ్య ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచాడు. భార్య బీరమ్మ ఏమైందని ఎంత అడిగినా చెప్పలేదు.

తర్వాత కరోనా వచ్చింది. గేట్లు మూశారు. వార్డు మనుషులు పద్నాలుగేసి రోజులు లోపలే ఉండి పని చేయాలన్నారు. రెండో వారంలో గుర్వయ్యకు జ్వరం పట్టింది. తాళం వార్డు చివర ఉన్న చిన్న గదిలో పడుకోబెట్టారు. దగ్గరికి రావడానికి అందరూ భయపడుతుంటే, పొద్దున సాయంత్రం గడప దగ్గర వేడినీళ్ల ప్లాస్టిక్ గిన్నె పెట్టి, తలుపు తట్టి, అవతల నిలబడి, తాగినవా అన్నా అని అడిగింది కాటమయ్యే. తాగిన అని జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. గుర్వయ్య ఆ తలుపు ఇవతల పడుకుని, లేచి నడవగలిగిన రోజు నిజం చెప్పేస్తానని మొక్కుకున్నాడు. యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కిన మొక్కు. లేచి నడిచాడు. చెప్పలేదు. ఇన్నాళ్లెందుకు చెప్పలేదని అడుగుతారు కదా, ఆ ప్రశ్నకు జవాబు ఏ రోజుకారోజు పెద్దదైపోతూ వచ్చింది. ఈలోగా భాగ్యలక్ష్మి రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ కరోనా పేరు చెప్పాడు. మూడోసారి ఆమె చేయలేదు.

రెండువేల ఇరవై ఒకటి డిసెంబరులో మల్లీశ్వరి ఫోన్ చేసి అవీ ఇవీ మాట్లాడుతూ, నువ్వొకప్పుడు వాకబు చేసిన ఇల్లే కదా అని, ఆ కల్లు గీసే గౌండ్లోళ్ల సుక్కమ్మ చనిపోయిందని చెప్పింది. చివరి నాలుగు రోజులు చిన్నకొడుకు పేరే పట్టుకుని పోయిందట. పెద్దకొడుకును చూసి చిన్నకొడుకనుకుని, వచ్చినవా బిడ్డా అన్నదట. యాదయ్య, వచ్చిన అమ్మా అన్నాడట.

గుర్వయ్య ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న దుప్పట్ల మూట మీదే కూర్చుండిపోయాడు.

తర్వాత వారం రోజులు అతను కాటమయ్య మొహం చూడలేదు. ఆ ఎనిమిదో రోజు దగ్గు ఎక్కువైందని కాటమయ్యను ఎక్స్‌రేకి తీసుకుపొమ్మని రాశారు. మొదటి తలుపు దాటి తాళం వేశాడు. రెండోది దాటి తాళం వేశాడు. మూడో తలుపు ముందు నిలబడ్డాడు. వెనక తాళం, ముందు తాళం, నడుమ ఇద్దరే. తాళంచెవి చేతిలోనే ఉంది, చెయ్యి లేవలేదు.

"కాటమయ్యా, మీ అమ్మ పోయింది," అన్నాడు. "పది దినాలైంది."

ఆ తర్వాత ఆగలేదు. ఇంటికి తాళం లేదని, బొంబాయి లేదని, మొదటిసారి భార్య ఒక ఏడాది ఆగమన్నదని, ఏడాది తర్వాత ఆమె గేటు దాకా వచ్చిందని, తనే తిప్పి పంపానని, అంగీ ఆమె తెచ్చిందని, అన్నీ వరుసగా చెప్పాడు. కాటమయ్య కొడతాడనుకున్నాడు. గొంతు పట్టుకున్నా అరవకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. కాటమయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వు పోయిన దినం అమ్మ ఏం జేస్తాంది?"

"వాకిట్ల కూసోని చింతపండు కొడుతాంది."

"నన్ను అడిగిందా?"

"నేనెవరో ఆమెకు చెప్పలే. మంచినీళ్లు తాగి పొమ్మన్నది."

"తాగినవా?"

"లేదు."

కాటమయ్య తల ఊపాడు. అంగీ మొదటి గుండీ పెట్టుకోబోయి వదిలేశాడు. "ఎక్స్‌రే టైమైతాంది. తలుపు తియ్యి," అన్నాడు.

ఎక్స్‌రే అయ్యాక కాటమయ్యను వార్డులో దింపి, గుర్వయ్య నేరుగా డాక్టర్ బెంజమిన్ గదికి వెళ్లాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్ద డాక్టరు ఆయన. అంతా విని, అతన్ని ఒక్క మాట కూడా తిట్టలేదు. ఫైలు తెప్పించి, ఒక్కో కాగితం తిప్పుతూ, ఇన్ని సంతకాల్లో నావి నాలుగున్నాయి గుర్వయ్యా, నేనూ ఒక్కసారి ఫోన్ చేయించలేదు అన్నాడు. ఆ మాటకు గుర్వయ్య భారం తగ్గలేదు. తాళంచెవులు బల్లమీద పెట్టాడు. మర్నాటినుంచి పనికి రావొద్దని అతన్ని కాంట్రాక్టు మీద పెట్టిన ఏజెన్సీ చెప్పింది.

ఇంటికొచ్చి బీరమ్మకు చెప్పాడు. ఆమె పనిపోయినందుకు ఏమీ అనలేదు. ఆ ముసలామెకు కొడుకు పాణంతో బాగున్నడన్న కబురన్నా అందియ్యకపోతివి అని మాత్రం అన్నది. ఆ రోజంతా భర్తతో మాట్లాడలేదు. గుర్వయ్య పల్లెకు తిరిగిపోయి తమ్ముడి గొర్రెల వెంట తిరగడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో బోర్డు కూర్చున్నదనీ, రెండు వేళ్లు లేని చేత్తో యాదయ్యే సంతకం పెట్టి తమ్ముణ్ణి తీసుకుపోయాడనీ పాత తోటివాళ్లు చెప్పారు. ఇంకో నెల ఆగి, ఆగలేక, గుర్వయ్య ఆ ఊరికి వెళ్లాడు. ఎందుకు వెళ్తున్నాడో అతనికే తెలియదు. క్షమించమని అడిగే ధైర్యం అతనికి లేదు.

వాకిట్లో భాగ్యలక్ష్మి మిరపకాయలు ఆరబోస్తున్నది. అతన్ని చూసి నడుము నిటారుగా చేసింది. పొమ్మనలేదు, కూర్చోమననూ లేదు. మందులకు కళ్లు తిరుగుతాయని కాటమయ్యను తాడెక్కనివ్వడం లేదని, అన్నతో కలిసి కల్లు దుకాణం చూసుకుంటున్నాడని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"డాక్టర్ ఒప్పుకుంటలేడని నువ్వంటే నమ్మిన. గేటు దాక వచ్చినదాన్ని, లోపటికి రాలేనా? ఎవర్నన్న అడగలేనా? బస్సెక్కి కూసున్నంక నా పాణం తేలికైందన్నా. గా మాట ఇంతవరకు ఎవ్వరికి చెప్పలే, ఆయనకు గూడ."

గుర్వయ్య అది నీ తప్పు కాదని అందామనుకున్నాడు. అట్లా చెప్పడానికి తనెవరు అనిపించి ఊరుకున్నాడు.

అంతలో కాటమయ్య వచ్చాడు. కొంచెం లావయ్యాడు, మీసం పెంచాడు. గుర్వయ్యను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అతని వెనక బడి బట్టల్లో రమ. పదమూడేళ్ల పిల్ల, సన్నగా, పొడుగ్గా ఉన్నది. తండ్రికి రెండడుగుల ఎడంగా నడుస్తున్నది.

"మంచిగైంది వచ్చినవ్," అన్నాడు కాటమయ్య. గొంతులో కోపం లేదు, దగ్గరితనమూ లేదు. "నాతోని ఏం చెప్పకు, నేను విన్న. ఈ పిల్లకు చెప్పు. మంచిగై గూడ నేనే రాలేదనుకుంటాంది. ఎంత చెప్పినా నమ్మదు. చేసినోనివి నువ్వు చెప్పు."

చెప్పి, అతను లోపలికి వెళ్లిపోయాడు. భాగ్యలక్ష్మి మిరపకాయల ముందు వంగింది గానీ చేతులు ఆడడం లేదు.

గుర్వయ్య నేలమీదే గొంతుక్కూర్చున్నాడు. పిల్ల నిలబడే ఉంది, బడి సంచి రెండు చేతులతో గుండెకు పట్టుకుని. అతను మొదటినుంచి చెప్పాడు. ఈసారి ఏదీ తగ్గించలేదు, తనకు అనుకూలంగా ఏదీ కలపలేదు. మీ నాయిన ఎనిమిదో ఏట నీకు దొరకాల్సినోడు, నేను పదమూడో ఏట దాక ఆపిన అన్నాడు.

పిల్ల తల్లివైపు చూసింది, మళ్లీ అతనివైపు చూసింది.

"నేను భయపడ్డననా?" అని అడిగింది. "నా కోసమేనా?"

ఒక ఏడాది ఆమె కోసమే. ఆ సంగతి ఆ వాకిట్లో అందరికీ తెలుసు. లోపల గదిలో అడుగుల చప్పుడు ఆగింది.

"కాదు బిడ్డా," అన్నాడు గుర్వయ్య. "నా నౌకరి కోసం."

 రమ సంచి గుమ్మం పక్కన పెట్టి, తండ్రి ఉన్న గదిలోకి వెళ్లింది. లోపల వాళ్లు ఏం మాట్లాడుకున్నారో బయటికి వినపడలేదు. గుర్వయ్య లేచి, ఎవరితో చెప్పకుండా, బస్సు కోసం రోడ్డువైపు నడిచాడు.